దారి చీలే చోటే చెప్పండి: నల్లమల రోడ్ల మూసివేతపై బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల అటవీ, రోడ్లు భవనాల, పోలీసు, రవాణా శాఖల అధికారులకు, జాతీయ రహదారుల బాధ్యులకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను అద్దె కారు నడుపుకుని బతికేవాణ్ణి. హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి, మార్కాపురం, గిద్దలూరు వైపుకి మనుషుల్ని తీసుకెళ్లడం నా పని. నల్లమలలో రాత్రిపూట రోడ్లు మూసే సంగతి ప్రయాణికులకు ముందుగా తెలిసేలా ఏర్పాటు చేయమని నాలాంటి డ్రైవర్లం కొందరం కలిసి అర్జీ పెట్టుకున్నాం. ముట్టినట్టు ముద్ర వేసి ఇచ్చారు. ఆ తర్వాత ఏ కబురూ లేదు. మళ్లీ వెళ్లి అడిగితే ఇది మా పరిధిలోది కాదు, ఫలానా శాఖను అడగండి అన్నారు. ఆ శాఖవాళ్లు ఇంకో శాఖ పేరు చెప్పారు. అందుకే ఈసారి అన్ని శాఖలకూ కలిపి, జనం కూడా చదివేలా రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. రాత్రిపూట గేట్లు తెరవమని నేను అడగడం లేదు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఇవతల 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ పేరుతో తెలంగాణకు వచ్చింది. అవతల 3,700 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. పులి, చిరుత, ఎలుగుబంటి ఎక్కువగా తిరిగేది చీకటి పడ్డాకే. హెడ్‌లైట్ల వెలుగు కళ్లలో పడితే దుప్పి ఎటూ పారిపోదు, ఉన్నచోటే బిగుసుకుపోయి నిలబడుతుంది. మలుపు తిరిగాక అది కనిపిస్తే బ్రేకు వేసినా లాభం ఉండదు. ఆ దారిలో బండి నడిపేవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను: రాత్రిపూట అడవిని అడవికి వదిలేయడమే సరైన పని. నా బాధంతా ఆ మూసివేత సంగతి మనిషికి ఎక్కడ, ఎప్పుడు తెలుస్తోందన్న దాని గురించే.

ఈ దారులు ఎరగనివాళ్ల కోసం పరిస్థితి ఏమిటో చెబుతాను. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే జాతీయ రహదారి 765 మీద మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు. అవతల దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్‌లోనూ అవే వేళలు. మహాశివరాత్రి రోజుల్లో సడలింపు ఇస్తారు. అంబులెన్సులను ఆపరు.

ఇక్కడ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. హైదరాబాద్ వాళ్లు మన్ననూరు మీదుగా వస్తారు. కర్నూలు వాళ్లు ఆత్మకూరు మీదుగా, గుంటూరు, విజయవాడ వాళ్లు వినుకొండ, త్రిపురాంతకం మీదుగా వచ్చి దోర్నాలలో కలుస్తారు. అంటే శ్రీశైలానికి ఉన్నవి రెండే గుమ్మాలు, మన్ననూరు ఒకటి, దోర్నాల ఒకటి. రెండూ ఒకే వేళకు మూసుకుంటాయి. రాత్రి 9 దాటాక శ్రీశైలానికి ప్రత్యామ్నాయ దారి అనేదే లేదు.

ఇది తెలియనివాళ్లు ఏం చేస్తున్నారో చూడండి. మన్ననూరు దగ్గర గేటు పడిందని తెలియగానే ఫోను తీసి ఇంకో దారి వెతుకుతారు. కర్నూలు, ఆత్మకూరు, దోర్నాల మీదుగా ఒక గీత కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి నేరుగా అయితే శ్రీశైలం 215 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అదే కర్నూలు మీదుగా చుట్టి వస్తే దాదాపు 400. రాత్రంతా నిద్ర మానుకుని అంత దూరం నడిపి, తెల్లవారుజామున దోర్నాల చేరి, అక్కడ కూడా గేటు పడి ఉండటం చూసి నెత్తి కొట్టుకుంటారు. గీత ఉన్నంత మాత్రాన దారి ఉన్నట్టు కాదని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

శ్రీశైలం వెళ్లకుండా అడవి అవతలికి దాటిపోవాల్సినవాళ్ల సంగతి వేరు. మార్కాపురం, ఎర్రగొండపాలెం, కనిగిరి, ఒంగోలు వెళ్లేవాళ్లకు నిజంగానే వేరే దారి ఉంది. నాగార్జునసాగర్, మాచర్ల, ఎర్రగొండపాలెం మీదుగా మార్కాపురం వెళ్లే జాతీయ రహదారి 565 అది. కాకపోతే ఆ దారి పట్టాలంటే హైదరాబాద్‌లోనే సాగర్ రోడ్డు ఎక్కాలి. లేదంటే డిండి దగ్గరైనా దేవరకొండ వైపు తిరగాలి. డిండి దాటామా, ఇక ముందున్నది మన్ననూరు గేటే. అక్కడిదాకా వెళ్లాక తెలిసిందంటే మళ్లీ డిండికి తిరిగి రావాలి, అక్కడి నుంచి సాగర్‌కు పోవాలి. డిండి సెంటర్లో ఒక్క పెద్ద బోర్డు ఉంటే తప్పే తిప్పలు ఇవి. నా లేఖలో అసలు విషయం ఇంతే. గేటు దగ్గర చెప్పిన మాట మనిషికి పనికిరాదు. దారి చీలే చోట చెప్పిన మాటే పనికొస్తుంది.

ఇప్పుడు జనం పడుతున్న ఇబ్బందులు చెబుతాను.

1. గేటు పడ్డాక రోడ్డు పక్కన ఆగిపోయే కుటుంబాలు. రాత్రి 9 దాటాక చెక్‌పోస్టు దగ్గర ఓ అరగంట నిలబడి చూస్తే అర్థమవుతుంది. ఒకదాని వెనక ఒకటిగా కార్లు, టెంపోలు వచ్చి ఆగుతుంటాయి. ముందు డ్రైవరు దిగుతాడు, ఆ తర్వాత ఇంటి పెద్ద దిగుతాడు. గార్డు చేతిలో టార్చి, ఆయన ముందు పదిమంది. "మాకు తెలియదు సార్, ఒక్కసారికి వదలండి" అని ఒకరు, "గది బుక్ అయింది, పొద్దున్నే అభిషేకం టికెట్ ఉంది" అని ఇంకొకరు, ఫోనులో ఎవరో పెద్దాయన పేరు చెప్పి మాట్లాడమనే వాళ్లు మరొకరు. వెనక సీట్లో పిల్లలు ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోతుంటారు. మోకాళ్ల నొప్పుల పెద్దమ్మ కాళ్లు కిందికి వేలాడేసి, చీకట్లో బాత్రూమ్‌కి ఎక్కడికి పోవాలో అడగలేక కూర్చుని ఉంటుంది. గార్డు చేయగలిగింది ఏమీ లేదు. ఆయన నియమం పాటిస్తున్నాడు. రోజూ అంతమందితో తిట్లు తినాల్సిన పని ఆయనకూ లేదు. ఆ జనంలో ఎక్కువమంది నియమాన్ని ధిక్కరించి వచ్చినవాళ్లు కారు, తెలియక వచ్చినవాళ్లు. వెనక్కి వెళ్లి లాడ్జి వెతుక్కోగలిగినవాళ్లు వెళ్తారు. చేతిలో డబ్బు చూసుకుని బయల్దేరినవాళ్లు కార్లోనే తెల్లవారుస్తారు.

2. గేటు కోసం పరుగు. దీన్ని అటవీ అధికారులు ప్రత్యేకంగా గమనించాలని వేడుకుంటున్నాను. గేటు టైమ్ సగం దారిలో తెలిసినవాడు ఏం చేస్తాడు? యాక్సిలరేటర్ తొక్కుతాడు. 8 నుంచి 9 మధ్య హాజీపూర్ దాటాక మన్ననూరు వైపు పోయే బండ్ల వేగం చూస్తే ఎదురుగా వచ్చేవాడికి గుండె ఆగినంత పనవుతుంది. ఊళ్ల మధ్య నుంచి, సైకిళ్లు, పశువులు, ఆటోలు ఉన్న రోడ్డు మీద ఆ పరుగు. 8:55కి గేటు దాటి లోపలికి వెళ్లిన బండి బోర్డు మీద రాసిన వేగంతో వెళ్తే పది దాటేదాకా అడవిలోనే ఉంటుంది. అవతల గేటు దగ్గర ఆపేస్తారేమో అన్న టెన్షన్‌తో లోపల కూడా తొక్కుతూనే ఉంటాడు. పొద్దుగూకి జంతువులు నీళ్లకు, మేతకు కదిలే వేళ అది. ఏ ప్రమాదం జరగకూడదని గేటు పెట్టామో, గేటు సంగతి ఆలస్యంగా తెలియడం వల్ల అదే ప్రమాదాన్ని తొమ్మిదికి ముందు గంటలోకి తోసేస్తున్నాం. ఇందులో మనుషుల నష్టం ఎంతో జంతువుల నష్టమూ అంతే.

3. రోగులు. 108 బండిని ఆపరని తెలుసు. కానీ పల్లెల్లో అందరూ 108లో రారు. లోపల చాలా దూరం సెల్ సిగ్నల్ ఉండదు, ఫోన్ చేయడమే కుదరదు. పక్కింటివాళ్ల కారులోనో ఆటోలోనో నొప్పులు పడుతున్న ఆడమనిషిని ఎక్కించుకుని వస్తే, ఆ బండి అత్యవసర వాహనమా కాదా అన్నది అప్పటికప్పుడు తేల్చాల్సింది గార్డు. ఏ కాగితం చూపాలి, ఎవరికి ఫోన్ చేయాలి, అవతల గేటుకు ఎవరు చెబుతారు అన్నవి బోర్డు మీద రాసి ఉండాలి. ప్రాణం మీదికి వచ్చిన వేళ వాదించుకునే పరిస్థితి రోగికీ మంచిది కాదు, గార్డుకూ మంచిది కాదు.

4. వానాకాలం. రాత్రి గేటుకు కనీసం ఒక లెక్క ఉంది. వానలకు పడే మూసివేతలకు ఆ లెక్క కూడా లేదు. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు డిండి వాగు పొంగి లత్తీపూర్ దగ్గర రోడ్డు కోసుకుపోయింది. హైదరాబాద్–శ్రీశైలం రాకపోకలు ఆగిపోయాయి. అలాంటప్పుడు కల్వకుర్తి నుంచి నాగర్‌కర్నూల్ వైపు తిరిగి అచ్చంపేట చేరొచ్చన్నది ఈ ప్రాంతం ఎరిగినవాడికి తడుతుంది. కొత్తగా వచ్చినవాడు తెగిన రోడ్డు దాకా వెళ్లి, నీళ్లు చూసి ఆగుతాడు. రాత్రిపూట అదీ చూడలేకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. శ్రీశైలం డ్యాం దగ్గరి ఘాట్‌లో కొండరాళ్లు జారి పడినప్పుడూ ఇదే తంతు. డ్యాం గేట్లు ఎత్తిన శని, ఆదివారాల్లో లింగాలగట్టు నుంచి దోమలపెంట వైపు కిలోమీటర్ల కొద్దీ బండ్లు నిలిచిపోతాయి. ఆ జామ్‌లో ఇరుక్కున్నవాడు రాత్రి 9 లోపు మన్ననూరు ఎలా దాటగలడు? అతను బయల్దేరింది మధ్యాహ్నమే. తప్పెవరిదని అడగను, అతనికి ఏ ఏర్పాటు ఉందని అడుగుతున్నాను.

5. సరుకు బండ్లు. అవతలి నుంచి మిరప, కూరగాయలు వేసుకుని హైదరాబాద్ మార్కెట్‌కు వచ్చే చిన్న ట్రాలీవాళ్లకు తెల్లవారేసరికి మార్కెట్లో ఉండటమే లెక్క. గేటు దగ్గర రాత్రంతా నిలిచిపోతే వాడిపోయిన సరుకుకు వచ్చే ధర వేరు. సాగర్ మీదుగా వెళ్లాలని బయల్దేరేటప్పుడే తెలిస్తే ఆ నష్టం ఉండదు.

6. మాలాంటి డ్రైవర్లు. ప్యాసింజరు కోపం చూపేది మా మీదే. "నీకు తెలియదా?" అంటారు. ఈ దారిలో తిరిగేవాడికి తెలుసు. వేరే ఊరి నుంచి మొదటిసారి వచ్చిన డ్రైవరుకు ఎలా తెలుస్తుంది? బాడుగలో కోత పడేది అతనికి, రాత్రి నిద్ర లేక పొద్దున ఆరు గంటలకు ఘాట్ ఎక్కాల్సిందీ అతనే. నిద్రమత్తులో ఘాట్ రోడ్డు ఎక్కే డ్రైవరు పక్కన ఎవరి కుటుంబం కూర్చుందో ఒక్కసారి ఆలోచించండి.

ఇది కొత్తగా మేం కనిపెట్టిన కోరిక ఏమీ కాదు. కర్ణాటకలో బండీపూర్ జాతీయ పార్కు గుండా పోయే రహదారుల్లో 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు ఆపుతున్నారు. 2010లో హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. కేరళలోని వయనాడ్ వైపు నుంచి పెద్ద గొడవే జరిగింది, 2019లో సుల్తాన్ బత్తేరిలో జనం రోడ్డెక్కారు. అయినా గేటు నిలబడింది. నిలబడటానికి ఒక కారణం, పక్కన హున్సూరు, గోణికొప్పల్, కుట్ట మీదుగా వెళ్లే ప్రత్యామ్నాయ దారిని చూపించి, దాన్ని బాగు చేయడం. అడవిని కాపాడే నియమానికి జనం మద్దతు ఉండాలంటే పక్క దారి కూడా చూపించాలి. మన దగ్గర గేటు ఉంది, పక్క దారి మాత్రం తెలిసినవాడికే తెలిసినట్టుగా ఉంది.

చట్టం సంగతికి వస్తే, మోటారు వాహనాల చట్టం, 1988లోని 115వ సెక్షన్ ఏదైనా రోడ్డు మీద బండ్లను నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఇస్తూనే, ఆ సంగతి గెజిట్‌లో ప్రకటించాలని, తగిన చోట్ల ట్రాఫిక్ బోర్డులు పెట్టించాలని చెబుతోంది. నెల లోపు ఉండే ఆంక్షలకు గెజిట్ అక్కర్లేదు గానీ స్థానికంగా ప్రచారం చేయాలని అదే సెక్షన్‌లో ఉంది. అటవీ చట్టం కింద ఇచ్చిన ఆదేశమే అయినా, దారిన పోయేవాడికి తెలియజెప్పాలన్న ధర్మం మారదు కదా. తగిన చోటు అంటే గేటు పక్కన గోడ మాత్రమే కాదని నా మనవి. స్టీరింగ్ ఇంకో వైపు తిప్పే వీలు ఉన్న చోటు అది.

ఈ కింది పనులు చేయాలని కోరుతున్నాం.

1. దారి చీలే ప్రతిచోటా బోర్డు. తెలంగాణ వైపు తుక్కుగూడలో ఔటర్ రింగ్ రోడ్డు దిగే చోట, కల్వకుర్తి, డిండి, హాజీపూర్‌లలో. ఆంధ్రప్రదేశ్ వైపు ఆత్మకూరు, వినుకొండ, త్రిపురాంతకం, మార్కాపురం, ఎర్రగొండపాలెం, దోర్నాలలో. చీకట్లో లైటు పడితే మెరిసేలా, కారులోంచి చదవగలిగేంత పెద్ద అక్షరాలతో. తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లతో పాటు కర్నూలు వైపు కన్నడం కూడా ఉండాలి, ఆ వైపు నుంచి కన్నడ భక్తులు చాలామంది వస్తారు. బోర్డు మీద "అటవీ ప్రాంతం, జాగ్రత్త" అని రాస్తే సరిపోదు. డిండిలో పెట్టే బోర్డు ఇలా ఉండాలని మా ఆలోచన: "మన్ననూరు గేటు రాత్రి 9కి మూస్తారు, ఉదయం 6కి తెరుస్తారు. రాత్రివేళ శ్రీశైలానికి వేరే దారి లేదు, దోర్నాల గేటు కూడా మూసి ఉంటుంది. మార్కాపురం, ఒంగోలు వెళ్లేవారు ఎడమకు తిరగండి: దేవరకొండ, సాగర్, మాచర్ల." చదివినవాడికి ఇక ఎవరినీ అడగాల్సిన పని ఉండదు. ఆత్మకూరు–దోర్నాల దారిలో ఏ బండికి ఏ వేళలు వర్తిస్తాయో కూడా ఇంత విడమరిచి రాయాలి.

2. గేటు దాటే ఆఖరి వేళను మళ్లీ ఆలోచించండి. అడవిలో ఉండకూడని వేళ 9 అయితే, లోపలికి వదిలే వేళ అంతకన్నా ముందే ఆగాలి. దీనివల్ల మా బాడుగలకు కొంత ఇబ్బందే అయినా ఒప్పుకుంటాం. లోపలికి వెళ్లిన బండికి టైమ్ వేసిన చీటీ ఇచ్చి, అవతల గేటులో చూడండి. మరీ తొందరగా చేరినవాడికి జరిమానా వేయండి. నిదానంగా వచ్చినవాణ్ణి ఆలస్యమైందని ఇబ్బంది పెట్టొద్దు.

3. రెండు రాష్ట్రాలకూ కలిపి ఒకే సమాచారం. కృష్ణకు ఇవతల ఒక మాట, అవతల ఒక మాట వద్దు. ప్రతిరోజూ మధ్యాహ్నంలోపు ఏ దారి తెరిచి ఉంది, ఏది మూసి ఉంది, ఎటు తిరిగి వెళ్లాలి అన్నది ఒకేచోట పెట్టండి. శివరాత్రి సడలింపు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో ముందే చెప్పండి. మ్యాప్ యాప్‌లు నడిపే కంపెనీలకు గేటు వేళలు ప్రభుత్వం తరఫున రాసి పంపండి. దేవస్థానం గది బుకింగ్ రసీదు మీద, ఆర్టీసీ టికెట్ మీద కూడా గేటు టైమ్ ఒక్క లైను అచ్చు వేయించండి. ఇందులో ఖర్చు అంటూ పెద్దగా ఏమీ లేదు.

4. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తే నల్లమల గేట్ల సంగతి తెలుగులో చెప్పగలగాలి.

5. అత్యవసరాల మినహాయింపు రాతపూర్వకంగా. ప్రైవేటు బండిలో రోగిని తీసుకొచ్చినప్పుడు పాటించాల్సిన పద్ధతి రెండు వైపులా గేట్ల దగ్గర పెద్ద అక్షరాలతో రాయండి. గేట్ల మధ్య వైర్‌లెస్‌లో మాట్లాడుకునే ఏర్పాటు ఎప్పుడూ పనిచేయాలి. అడవిలోని పెంటల్లో, అంటే చిన్న గూడేల్లో, ఉండే చెంచులకు, వటవర్లపల్లి లాంటి ఊళ్లవాళ్లకు ఏ సౌలభ్యం ఉందో కూడా అందులోనే రాయండి. వాళ్లు తమ ఇంటికి తాము వెళ్లడానికి ప్రతిసారీ బతిమాలుకునే అవసరం రాకూడదు.

6. గేటు పడ్డాక ఆగిపోయినవాళ్లకు మన్ననూరులో, దోర్నాలలో లైట్లు, తాగునీరు, ఆడవాళ్లకు బాత్రూములు, బండ్లు ఆపుకునే స్థలం. బోర్డులు వచ్చాక ఆగిపోయేవాళ్లు తగ్గుతారు. జామ్‌లో చిక్కుకున్నవాళ్లు, బండి చెడిపోయినవాళ్లు మాత్రం ఎప్పుడూ ఉంటారు.

7. రోడ్డు పనుల కోసం, వానల వల్ల మూసేటప్పుడు ముందు పక్క దారిని చూసిరండి. గుంతలు పూడ్చి, మలుపుల దగ్గర రిఫ్లెక్టర్లు పెట్టి, మళ్లించే ప్రతి కూడలిలో బాణం గుర్తు పెట్టాకే అసలు రోడ్డు మూయండి. పని జరిగే చోట బండ్లను ఎలా మళ్లించాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు ఉన్నాయి, మీకు తెలియనివి కావు. ఇక్కడ అమలైతే చాలు. సాగర్, మాచర్ల, ఎర్రగొండపాలెం దారిని రాత్రి బండ్లు మళ్లే ముఖ్యమైన దారిగా గుర్తించి, దానికి తగ్గట్టు పెట్రోలింగ్ పెట్టండి.

8. సోమశిల వంతెన. 2007లో సోమశిల దగ్గర కృష్ణలో పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. అప్పటి నుంచి కొల్లాపూర్ వైపు జనం వంతెన అడుగుతూనే ఉన్నారు. 2022లో కేంద్రం వెయ్యి కోట్లకు పైగా అంచనాతో సోమశిల–సిద్దేశ్వరం వంతెనకు ఆమోదం చెప్పింది. కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా ఆత్మకూరు, నంద్యాల వెళ్లే జాతీయ రహదారి 167కె మీద వచ్చే వంతెన అది. పూర్తయితే నంద్యాల వైపు వెళ్లేవాళ్లకు దూరం బాగా తగ్గుతుంది. పనులు ఎక్కడిదాకా వచ్చాయో జనానికి ఎప్పటికప్పుడు చెప్పండి. అవతలి ఒడ్డున కూడా అడవి ఉంది కాబట్టి, ఆ దారికి రాత్రి నియమాలు ఏమిటో వంతెన కట్టేటప్పుడే తేల్చండి. కట్టాక గేటు పెట్టి మళ్లీ జనాన్ని నిలబెట్టొద్దు.

తోటి డ్రైవర్లకు, ప్రయాణికులకు కూడా రెండు మాటలు. శ్రీశైలం వెళ్లేవాళ్లు హైదరాబాద్ నుంచి మధ్యాహ్నం రెండు లోపే బయల్దేరండి. శని, ఆదివారాలైతే ఇంకా ముందు. సాయంత్రం ఆఫీసు అయ్యాక బయల్దేరి గేటు అందుకుందామనే లెక్క పెట్టుకోవద్దు. మార్కాపురం వైపు వెళ్లేవాళ్లు చీకటి పడేలా ఉంటే నేరుగా సాగర్ రోడ్డే పట్టండి. గేటు దగ్గర గార్డు మీద అరవొద్దు. పగలు అడవిలో బండి ఆపి కోతులకు బిస్కెట్లు వేయడం మానండి, తిండికి అలవాటు పడి రోడ్డు మీదే కూర్చుంటున్నాయి, బండ్ల కింద పడేవి అవే.

వచ్చే కార్తీకమాసం రద్దీ మొదలయ్యేలోపు కనీసం మొదటి కోరిక తీర్చాలని, మిగతావి ఏ శాఖ ఎప్పటిలోగా చేస్తుందో రాతపూర్వకంగా చెప్పాలని కోరుతున్నాం. బోర్డులు ఎక్కడెక్కడ పెట్టాలో చూపించడానికి, ఏ మలుపు దగ్గర లైటు పడదో చెప్పడానికి మా డ్రైవర్లం మా బండ్లేసుకుని మీ వెంట వస్తాం. తేదీ చెప్పండి.

ఇట్లు,
నల్లమల దారిలో అద్దె కార్లు నడుపుకునే డ్రైవర్ల తరఫున
ఒక డ్రైవరు